తాగుడు మానాక నిలబడటం ఎలా: మొదటి ఏడాదికి మనసును సిద్ధం చేసుకునే పద్ధతి

"సెంటర్‌లో నెల రోజులు ఉంచాం. ఇంటికొచ్చాక ఇరవై రోజులు బాగానే ఉన్నాడు. మళ్లీ మొదలుపెట్టాడు. ఎక్కడ తప్పు జరిగింది?" నాకు వచ్చే మెసేజ్‌ల్లో సగం ఇలాంటివే. మిగతా సగం తాగేవాళ్లు రాసేవి: "మానడం కష్టం కాదండీ, చాలాసార్లు మానేశాను. మానాక ఉండలేకపోతున్నాను."

నేను మానేసి తొమ్మిదేళ్లు. అంతకుముందు రెండుసార్లు మానేశాను, రెండుసార్లూ జారిపోయాను. మొదటిసారి డీఅడిక్షన్ సెంటర్ నుంచి వచ్చిన ఇరవై మూడో రోజున మా మేనమామ పెద్దకర్మలో తాగాను. ఎవరో గ్లాసు చేతిలో పెట్టారు కాబట్టి తాగానని చాలాకాలం నమ్మాను. తర్వాత కౌన్సెలర్ దగ్గర కూర్చుని ఒక్కో రోజే వెనక్కి రాసుకుంటూ వెళ్తే అసలు సంగతి బయటపడింది. పది రోజుల ముందు, తాగుడు మానేసినవాళ్లు కలిసే మీటింగ్‌కు వెళ్లడం మానేశాను. ఎనిమిది రోజుల ముందు పాత సిట్టింగ్ స్నేహితుడికి "ఊరికే" ఫోన్ చేశాను. ఆరు రోజుల ముందు ఇంట్లో ఐదు వందల రూపాయల లెక్క అబద్ధం చెప్పాను. చివరి మూడు రాత్రులు నిద్ర లేదు. గ్లాసు చేతికొచ్చేసరికి నేను సగం దారి దాటేశాను.

కింద రాసినదంతా ఆ పది రోజులను ఎలా గుర్తుపట్టాలి, అవి వచ్చినప్పుడు చేతిలో ఏం ఉండాలి అన్నదాని గురించే. వరుస మార్చకుండా చేయండి. తాగేది మగవాళ్లే అనుకుని చాలామంది రాస్తారు. ఆడవాళ్లు కూడా తాగుతారు, భయంతో మరింత దాచుకుంటారు. పద్ధతి అందరికీ ఒకటే.

## 1. ముందు శరీరం: ఇది ఇంట్లో చేసే పని కాదు

రోజూ తాగేవాళ్లు, పొద్దున లేవగానే చేతులు వణికేవాళ్లు ఒక్కసారిగా సొంతంగా ఆపేయకూడదు. చివరి పెగ్గు తర్వాత 6 నుంచి 24 గంటల్లో వణుకు, చెమటలు, గుండె దడ మొదలవుతాయి. మొదటి 48 గంటల్లో ఫిట్స్ రావచ్చు. రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్యలో కొందరికి మతి తప్పి, లేని మనుషులు, పురుగులు కనిపిస్తాయి. ఈ దశలో ప్రాణం పోవచ్చు. ఒకసారి ఫిట్స్ వచ్చినవాళ్లకు మళ్లీ వచ్చే ప్రమాదం ఎక్కువ.

తెలంగాణలో కల్లు తాగేవాళ్లు ఇంకో సంగతి తెలుసుకోవాలి. కల్తీ కల్లులో ఆల్ప్రాజోలం, డైజిపాం, క్లోరల్ హైడ్రేట్ లాంటివి కలుపుతారు. కల్లు ఆపితే ఆ మందులు కూడా ఒక్కసారిగా ఆగినట్టే. 2020 లాక్‌డౌన్‌లో కల్లు దుకాణాలు మూసేసినప్పుడు ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికి జనం వరుస కట్టింది అందుకే. డాక్టర్‌కు "మందు" అని మాత్రమే చెప్పకండి. కల్లయితే కల్లని, ఎన్ని సీసాలో కూడా చెప్పండి.

డాక్టర్‌ను అడగాల్సినవి:

- విటమిన్ బి1, అంటే థయమిన్, ఇస్తున్నారా? ఎక్కువకాలం తాగినవాళ్లలో దీని లోటు మెదడును దెబ్బతీస్తుంది. గ్లూకోజ్ బాటిల్ పెట్టేముందే ఇది అందాలి.
- లివర్ పరీక్షలు, అందులో గామా జీటీ (తాగుడు వల్ల రక్తంలో పెరిగే ఒక లివర్ ఎంజైమ్) ఎంత ఉంది? ఈ అంకె రాసి పెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.
- ఆత్రం తగ్గించే మందులు నాకు సరిపోతాయా? నాల్ట్రెక్సోన్, అకాంప్రోసేట్ అలాంటివే. ట్రమడాల్ లాంటి నొప్పి మాత్రలు వాడుతుంటే నాల్ట్రెక్సోన్ మొదలుపెట్టకముందే చెప్పాలి.

మందులు వాడటం బలహీనత కాదు. "విల్ పవర్ ఉంటే చాలు" అనే మాట ఎంతమందిని ముంచిందో నేను కళ్లారా చూశాను. షుగర్ ఉన్నవాణ్ని విల్ పవర్‌తో తగ్గించుకోమని ఎవరూ అనరు.

ఎక్కడికి వెళ్లాలో తెలియకపోతే డీఅడిక్షన్ హెల్ప్‌లైన్ 14446కు ఫోన్ చేయండి. ప్రభుత్వ ఆసుపత్రిలోని మానసిక వైద్య విభాగానికి నేరుగా కూడా వెళ్లొచ్చు.

## 2. నోట్‌బుక్: మందు మీకు ఏ పని చేసిపెట్టేది?

వణుకు తగ్గి, తల తేటపడ్డాక, సాధారణంగా రెండో వారంలో, రెండు వందల పేజీల నోట్‌బుక్ ఒకటి తీసుకోండి. ఫోన్‌లో వద్దు. చేత్తో రాస్తే మనసు నెమ్మదిస్తుంది.

చివరిగా తాగిన ఇరవై సందర్భాలు గుర్తు చేసుకుని ఒక్కోదానికీ నాలుగు విషయాలు రాయండి:

- ఎప్పుడు, ఎక్కడ
- పక్కన ఎవరు
- తాగే ముందు మనసులో ఏముంది
- నాకు నేను ఏం చెప్పుకున్నాను

చివరిది అన్నిటికంటే ముఖ్యం. "ఈ రోజు ఒక్కరోజే", "ఇంత కష్టపడ్డాను, నాకు ఆమాత్రం హక్కు లేదా", "బీరే కదా", "ఎలాగూ నన్ను ఎవరూ నమ్మరు". అందరం ఇవే మాటలు చెప్పుకున్నాం. కానీ మీకు మీరు ఎక్కువసార్లు చెప్పుకున్న మాట ఒకటి ఉంటుంది. అది వెతికి పట్టుకోండి. మళ్లీ అదే మాట మీ తలలో వినిపించిన రోజు మీరు ఆ పది రోజుల్లోకి అడుగుపెట్టినట్టు.

ఇరవై రాశాక లెక్క వేయండి. అమెరికా మనస్తత్వవేత్త అలన్ మార్లాట్ మానేసి మళ్లీ తాగినవాళ్ల కథలు సేకరించి చూస్తే, దాదాపు నాలుగింట మూడొంతుల సందర్భాలు మూడు రకాల్లోకే వచ్చాయి. ఒకటి మనసు బాగోలేకపోవడం: దిగులు, కోపం, టెన్షన్, విసుగు. రెండోది మనుషులతో గొడవ. మూడోది పక్కవాళ్ల బలవంతం. మీ ఇరవైలో ఏది ఎక్కువో చూడండి. నా లిస్టులో పదమూడు గొడవ తర్వాతివే. అన్నాళ్లూ నేను స్నేహితుల బలవంతం వల్లే తాగుతున్నానని చెప్పుకున్నాను.

తర్వాత ఇంకో పేజీ. "మందు నాకు ఏమిచ్చేది?" అని నిజాయితీగా రాయండి. నష్టాలు అందరూ రాస్తారు, ఇది ఎవరూ రాయరు. నిద్ర ఇచ్చేది. సైట్ నుంచి వచ్చాక ఒళ్లు నొప్పి మరిపించేది. నలుగురిలో మాట్లాడే ధైర్యం ఇచ్చేది. చనిపోయిన కొడుకును రెండు గంటలు మరిచిపోనిచ్చేది. ఈ ఒక్కో పనికీ వేరే దారి చూపించకపోతే మనసు పాత దారికే పోతుంది. ప్రతి లాభం పక్కన ఖాళీ గడి వదిలి, వారాలు గడిచేకొద్దీ నింపుకుంటూ రండి. ఒళ్లు నొప్పికి వేడినీళ్ల స్నానం, ఫిజియోథెరపీ. నలుగురిలో భయానికి కౌన్సెలింగ్. కొడుకు గురించైతే, ఆ దుఃఖాన్ని మొదటిసారి ఎవరి దగ్గరైనా కూర్చుని ఏడవడం.

సాధారణంగా చేసే తప్పు: ఈ పని ఒక్క కూర్చోడంలో ముగించడం. వారం పట్టనివ్వండి. రోజుకు మూడు సందర్భాలు చాలు.

## 3. మాల నుంచి నేర్చుకోవాల్సింది

మన ఊళ్లలో ఒక దృశ్యం అందరికీ తెలిసిందే. ఏడాది పొడుగునా తాగే మనిషి అయ్యప్ప మాల వేసుకుంటాడు. 41 రోజులు చుక్క ముట్టడు. శబరిమల వెళ్లొచ్చి మాల తీసిన సాయంత్రమే సీసా తెరుస్తాడు. "చూశావా, అనుకుంటే మానగలడు, వాడికి బుద్ధి లేదు" అంటారు చుట్టుపక్కలవాళ్లు. నేను దీన్ని వేరేగా చూస్తాను. ఆ 41 రోజులు అతన్ని నిలబెట్టినవి ఏమిటో విడదీసి చూస్తే, మానేసిన ఎవరికైనా కావాల్సిన సరంజామా అంతా అందులో ఉంది.

దీక్షలో రోజుకు ఒక ఆకారం ఉంటుంది. తెల్లవారుజామున చన్నీళ్ల స్నానం, పూజ, సాయంత్రం మళ్లీ స్నానం, భజన. మనసు లాగే సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకా ఖాళీ దొరకదు. రెండోది, అడిగేవాళ్లు ఉండరు. నల్లబట్టలు చూడగానే "తాగుతావా" అనే ప్రశ్నే పుట్టదు. మూడోది, పక్కన అదే దీక్షలో ఉన్నవాళ్లు, దారి చూపించే గురుస్వామి. నాలుగోది అన్నిటికంటే బలమైనది: అతని పేరే మారిపోతుంది. అందరూ "స్వామీ" అని పిలుస్తారు. నిన్నటి దాకా తాగుబోతు అనిపించుకున్నవాడికి ఆ పిలుపు చేసే మేలు మాటల్లో చెప్పలేను.

లోపం ఒక్కటే. దీక్షకు ముగింపు తేదీ ఉంది. మనసు మొదటి రోజు నుంచీ ఆ తేదీని లెక్కపెడుతూనే ఉంటుంది.

కాబట్టి మీరు మీ రోజును ఇలా కట్టుకోండి. ఏ మతమైనా, ఏ నమ్మకమూ లేకపోయినా పనికొస్తుంది.

- లేచే సమయం, పడుకునే సమయం ఆదివారం కూడా మారకూడదు.
- సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకా ప్రతి రోజూ ఏం చేస్తారో ముందు రాత్రే రాయండి. జిమ్, షటిల్, గుడి, చర్చి, మసీదు, పిల్లల హోంవర్క్, పార్ట్ టైమ్ పని, ఏదైనా సరే. "ఇంట్లో రెస్ట్" అని రాయకండి.
- ఇంటికి వచ్చే దారిలో వైన్ షాప్ ఉంటే దారి మార్చండి. రెండు కిలోమీటర్లు ఎక్కువైనా మార్చండి.
- గురుస్వామి స్థానంలో ఒక మనిషిని పెట్టుకోండి. మీకంటే ముందు మానేసి, కనీసం రెండేళ్లు నిలబడినవాడైతే మంచిది. రోజూ రెండు నిమిషాల ఫోన్ చాలు.
- వారానికి ఒక్కసారైనా మీలాంటివాళ్ల మధ్య కూర్చోండి.

ఆ చివరిదానికి ఆల్కహాలిక్స్ అనానిమస్ మీటింగ్‌లు అన్నిటికంటే సులువైన దారి. 1935లో అమెరికాలో ఇద్దరు తాగుబోతులు ఒకరికొకరు తోడుగా మొదలుపెట్టిన సంఘం ఇది. ఫీజు లేదు, ఇంటిపేరు అడగరు. హైదరాబాద్, విశాఖపట్నం లాంటి చోట్ల గ్రూపులు ఉన్నాయి. గల్ఫ్‌లోనో అమెరికాలోనో ఉన్నవాళ్లకు ఆన్‌లైన్ మీటింగ్‌లు ఉన్నాయి. మొదటి మీటింగ్ నచ్చకపోతే ఇంకో రెండు చూసి అప్పుడు నిర్ణయించుకోండి. దేవుడి ప్రస్తావన ఇబ్బందిగా అనిపిస్తే కౌన్సెలర్ నడిపే గ్రూప్ థెరపీ అడగండి. మనుషులు ముఖ్యం, బోర్డు మీద పేరు కాదు.

ముగింపు తేదీ విషయంలో నేను చేసేది ఇది: "జీవితాంతం తాగను" అని ఒట్టు వేయలేదు. ఆ మాట వింటేనే మనసు బెదిరిపోతుంది. ఉదయం లేచి "ఈ రోజు తాగను" అంటాను. రేపటి సంగతి రేపు ఉదయం. ఇన్నేళ్లయినా అంతే.

## 4. జవాబులు ముందే తయారు చేసుకోండి

గ్లాసు ముందు కూర్చుని ఆలోచిస్తే ఓడిపోతారు. ఆలోచన అంతా ఇంట్లో, ప్రశాంతంగా ఉన్న రోజే అయిపోవాలి. నోట్‌బుక్‌లో "ఇలా జరిగితే, ఇలా చేస్తాను" అని వాక్యాలు రాయండి. వివరంగా, చేతలతో రాయండి. "గట్టిగా ఉంటాను" అనేది ప్లాన్ కాదు.

మన దగ్గర తప్పనిసరిగా ఎదురయ్యేవి: జీతం పడే రోజు, పెళ్లికి ముందు రాత్రి, దసరా, సంక్రాంతి కోడిపందేలు, చావు ఇంట్లో కర్మ రోజు, ఎన్నికల ముందు ఉచితంగా పంచే రోజులు, అత్తారింటికి వెళ్లినప్పుడు బావమరుదులు. వాటికి నమూనా వాక్యాలు:

- జీతం పడితే, ఆఫీసు దాటకముందే ఇంటి ఖర్చు డబ్బు ఇంట్లోవాళ్ల ఖాతాకు పంపేస్తాను.
- పెళ్లికి వెళ్తే, ముహూర్తానికి వెళ్లి భోజనం చేసి వచ్చేస్తాను. రాత్రి ఉండను.
- వెళ్లక తప్పని చోటుకు సొంత బండి మీద వెళ్తాను. ఇంకొకరి కారెక్కను, ఎందుకంటే వాళ్లు లేచినప్పుడే నేను లేవాల్సి వస్తుంది.
- ఇంట్లో గొడవైతే, "అరగంట ఆగి మాట్లాడదాం" అని చెప్పి మేడ మీదకు వెళ్తాను. బయటకు వెళ్లను.

బలవంతం చేసేవాళ్లకు జవాబు ఒక్క ముక్కలో ఉండాలి. వివరణ ఎంత పొడుగైతే అంత బేరం మొదలవుతుంది.

"బావా, ఒక్క పెగ్గు. నా పెళ్లికి కూడా తాగవా?"
"మానేశాను బావా. థమ్సప్ తెప్పించు."
"ఏమైంది, మా వాళ్లంటే లెక్క లేదా?"
"మానేశాను బావా."

అదే మాట, అదే గొంతు, రెండుసార్లు. మూడోసారి అడిగితే లేచి వచ్చేయండి. "యాంటీబయాటిక్స్ వాడుతున్నాను", "లివర్ బాగాలేదు" లాంటి సాకులు మొదట్లో పనికొస్తాయి కానీ, సాకు తీరగానే ఏం చెప్పాలో తోచదు. నెల తర్వాత సాకులు వదిలేయండి. అద్దం ముందు నిలబడి ఈ మాటలు పైకి అనండి. నోటికి అలవాటు లేని మాట అవసరానికి రాదు.

కొందరు స్నేహితులను వదులుకోవాల్సి వస్తుంది. మందు లేకుండా వాళ్లతో గంటసేపు గడిపిన రోజు ఒక్కటైనా గుర్తుందా అని చూసుకోండి. లేకపోతే కనీసం ఏడాది దూరంగా ఉండండి. ఇది బాధాకరమైన పని. ఇరవై ఏళ్ల స్నేహాలు పోతాయి. ఆ బాధకు చోటివ్వండి, లేదని నటించకండి.

## 5. ఆత్రం పట్టినప్పుడు: మొదటి ఇరవై నిమిషాలు

తాగాలన్న ఆత్రం అల లాంటిది. లేస్తుంది, తారస్థాయికి వెళ్తుంది, విరిగిపోతుంది. చాలాసార్లు పదిహేను నుంచి ముప్పై నిమిషాల్లో తగ్గుతుంది. తాగేదాకా పెరుగుతూనే ఉంటుందని మనకు అనిపిస్తుంది, ఎందుకంటే ఇంతకుముందు మనం ఎప్పుడూ అది తగ్గేదాకా ఆగి చూడలేదు.

వరుస ఇది:

- టైమ్ చూసి నోట్‌బుక్‌లో రాయండి.
- నాలుగు ప్రశ్నలు అడగండి: ఆకలిగా ఉందా? కోపంగా ఉందా? ఒంటరిగా ఉన్నానా? అలసిపోయానా? ఆకలైతే వెంటనే తినండి. సాయంత్రం ఏడుకు వచ్చే ఆత్రంలో ఆకలి పాలు ఎక్కువ. వేడి ఉప్మా తిన్నాక అది సగానికి పడిపోవడం నాకు ఎన్నోసార్లు అనుభవం.
- ఆత్రం ఒంట్లో ఎక్కడ ఉందో గమనించండి. గొంతులోనా, ఛాతీలోనా, చేతుల్లోనా? దాంతో పోట్లాడకండి, తరమకండి. ఊపిరి వదులుతూ అలా చూస్తూ ఉండండి.
- మీ మనిషికి ఫోన్ చేయండి. "తాగాలనిపిస్తోంది" అని తిన్నగా చెప్పండి. వాతావరణం గురించి మాట్లాడి పెట్టేయకండి.
- ఉన్న చోటు మారండి.
- తగ్గాక మళ్లీ టైమ్ రాయండి.

ఆ రెండు అంకెల మధ్య తేడా నెల రోజుల తర్వాత చూసుకుంటే మీకు కలిగే ధైర్యం ఎవరి ఉపన్యాసం వల్లా రాదు. నా మొదటిది నలభై నిమిషాలు. రెండో నెలలో పదకొండు.

## 6. నిద్ర, చిరాకు, దిగులు

మానిన తర్వాత నిద్ర కుదురుకోడానికి వారాలు, కొందరికి నెలలు పడుతుంది. తాగుతున్నట్టు కలలు వస్తాయి, ఉలిక్కిపడి లేచి నోరు వాసన చూసుకుంటారు. అది జారడం కాదు, చాలామందికి వస్తుంది. మధ్యాహ్నం తర్వాత కాఫీ, టీ ఆపండి. నిద్ర రాకపోతే మంచం మీద దొర్లకుండా లేచి కూర్చోండి. మెడికల్ షాపులో సొంతంగా నిద్రమాత్రలు కొనకండి. ఆల్ప్రాజోలం మొదలుపెడితే ఒక గోతిలోంచి ఇంకో గోతిలోకి దిగినట్టే.

చిన్న విషయాలకు చిరాకు, మతిమరుపు, దేంట్లోనూ సంతోషం లేకపోవడం మొదటి నెలల్లో ఉంటాయి. మెదడు మెల్లగా కోలుకుంటోంది. జ్ఞాపకశక్తి, ఏకాగ్రత నెలల తరబడి మెరుగుపడుతూ ఉంటాయి. "తాగినప్పుడే బాగున్నాను" అనిపించే దశ ఇదే. చాలామంది ఇక్కడే వెనక్కి తిరుగుతారు.

దిగులు విషయంలో ఒక లెక్క గుర్తుంచుకోండి. మందు వల్ల వచ్చిన దిగులు సాధారణంగా రెండు నుంచి నాలుగు వారాల్లో తగ్గుతుంది. నాలుగు వారాలు దాటినా అలాగే ఉంటే అది వేరే జబ్బు కావచ్చు, దానికి వేరే చికిత్స ఉంది. సైకియాట్రిస్ట్‌ను కలవండి. భయం, పానిక్, పాత దెబ్బల జ్ఞాపకాలు కూడా అంతే. వాటిని వదిలేసి తాగుడు ఒక్కటే ఆపితే నీళ్లు పోయే పైపు బాగుచేయకుండా నేల తుడిచినట్టు.

చనిపోవాలనే ఆలోచన వస్తే ఒక్క రాత్రి కూడా ఆగొద్దు. టెలీ మానస్ 14416కు ఎప్పుడైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు. ఇంట్లో ఎవరో ఒకరికి చెప్పండి.

## 7. ఇంట్లోవాళ్లు చేయాల్సినవి, చేయకూడనివి

సిగ్గు తాగుడుకు ఎరువు. "నీ వల్లే ఇల్లు నాశనమైంది" అనే మాట నిజమే కావచ్చు. కానీ మానేసిన మూడో వారంలో ఆ మాట విన్న మనిషికి ఆ సిగ్గును దించుకోవడానికి తెలిసిన దారి ఒక్కటే ఉంది. అలాగని మీ కోపం, మీ బాధ మింగేయమని చెప్పడం లేదు. వాటికి మీకు వేరే చోటు కావాలి. తాగేవాళ్ల కుటుంబాల కోసం అల్-అనాన్ అనే గ్రూపులు ఉన్నాయి. కౌన్సెలర్ దగ్గర మీకూ విడిగా టైమ్ అడగండి.

చేయకూడనివి:

- "తాగుడు మాన్పించే పొడి" అన్నంలో కలపడం. అందులో ఏముందో మీకు తెలియదు. డైసల్ఫిరామ్ అనే మాత్ర కూడా చెప్పకుండా ఇవ్వకూడదు. అది వేసుకున్న మనిషి తాగితే ముఖం ఎర్రబడి, వాంతులు, దడ వచ్చి, బీపీ పడిపోతుంది. ప్రాణం మీదకు రావచ్చు. పైగా నమ్మకం పూర్తిగా పోతుంది.
- రోజూ నోరు వాసన చూడటం, జేబులు వెతకడం.
- పిల్లల తల మీద ఒట్టు వేయించడం. జారితే పిల్లల ముఖం చూడలేక ఇంకా తాగుతాడు.
- బంధువుల ముందు అతని తాగుడు కథలు చెప్పడం.

చేయాల్సినవి: ఇంట్లో సీసా ఉంచకండి, అతిథుల కోసం కూడా. సాయంత్రం తిండి త్వరగా పెట్టండి. డబ్బు ఎవరి దగ్గర ఉండాలో అతనితో కూర్చుని, అతని ఒప్పుదలతో నిర్ణయించండి. బలవంతంగా ఏటీఎం కార్డు లాక్కుంటే కాపలా అవుతుంది, అతనే ఇస్తే సాయం అవుతుంది. రోజుకు ఒక మాట కుదుర్చుకోండి. మా ఇంట్లో పద్ధతి ఇది. రాత్రి భోజనమయ్యాక నేను "ఈ రోజు తాగలేదు" అంటాను. మా ఆవిడ "మంచిదండీ" అంటుంది. అంతే, అనుమానాలు, ప్రశ్నలు ఉండవు. మొదట్లో ఇద్దరికీ ఇబ్బందిగా ఉండేది.

మానేసినవాళ్లకు ఒక మాట: మీరు మానేసిన మర్నాడే నమ్మాలని అడగకండి. పదేళ్లు పోగొట్టిన నమ్మకం నెలలో రాదు. అప్పుల లిస్టు రాసి, చిన్నదాంతో మొదలుపెట్టి తీర్చండి. క్షమాపణ మాటల్లో ఒక్కసారి చెప్పండి, మిగతాది టైముకు ఇంటికి రావడం.

డైసల్ఫిరామ్ మీ ఇష్టంతో వాడుతుంటే, మాత్ర ఆపాక కూడా దాదాపు రెండు వారాల దాకా తాగితే ప్రమాదమే. దగ్గు మందులు, హోమియో చుక్కలు, ఆయుర్వేద అరిష్టాల్లో కూడా ఆల్కహాల్ ఉంటుంది. లేబుల్ చదవండి, డాక్టర్‌ను అడగండి.

## 8. జారితే మొదటి 24 గంటలు

చాలామంది కనీసం ఒకసారి జారుతారు. జారిన ఆ ఒక్క పెగ్గు కంటే దాని తర్వాత వచ్చే ఆలోచన ప్రమాదం: "అంతా పోయింది. ఎలాగూ తాగేశాను, ఇక తాగితే ఏం?" ఒక సాయంత్రం ఆరు నెలలుగా మారేది ఈ ఆలోచన వల్లే. మేనమామ కర్మ తర్వాత నాకు జరిగింది ఇదే. నేను మళ్లీ ఆసుపత్రి గుమ్మం ఎక్కేసరికి పద్నాలుగు నెలలు.

కాబట్టి జారకముందే ఈ కాగితం రాసి పర్సులో పెట్టుకోండి:

- గ్లాసు అక్కడే వదిలేస్తాను. "ఇది పూర్తి చేసి ఆపుతా" అనను.
- బండి నడపను.
- ఈ రాత్రే ఫలానావాళ్లకు ఫోన్ చేస్తాను. పేరు, నంబర్ రాయండి.
- ఇంట్లో దాచను.
- రేపు డాక్టర్‌నో కౌన్సెలర్‌నో కలుస్తాను. రెండు మూడు రోజులు వరసగా తాగి ఉంటే సొంతంగా ఆపకుండా ఆసుపత్రికే వెళ్తాను.
- వారంలోగా నోట్‌బుక్‌లో వెనక్కి పది రోజులు రాస్తాను.

జారేముందు మీరు 80 రోజులు నిలబడ్డారనుకుందాం, అవి ఎక్కడికీ పోలేదు. ఆ 80 రోజుల్లో నేర్చుకున్నది మీ దగ్గరే ఉంది. ఏ గడి నింపలేదో ఇప్పుడు తెలిసింది, దాన్ని నింపండి.

## 9. మూడో నెల తర్వాత వచ్చే గండాలు

మొదటి మూడు నెలల్లో జారేవాళ్లు ఎక్కువ. అది దాటాక ప్రమాదం రూపు మార్చుకుంటుంది.

మొదటిది ధీమా. "ఇప్పుడు నా కంట్రోల్‌లో ఉంది, పండక్కి రెండు పెగ్గులు తాగి ఆపగలను." తీవ్రంగా బానిసైన మనిషికి అలా కొద్దిగా తాగి ఆపగలిగే అదుపు మళ్లీ దొరకడం చాలా అరుదు. ఈ ఆలోచన వస్తే దాన్ని రహస్యంగా ఉంచకండి. మీ గురుస్వామితో పైకి అనండి. పైకి అన్నాక దాని బలం సగం పోతుంది.

రెండోది విసుగు. తాగుడు రోజుకు ఐదారు గంటలు తినేసేది, అది ఖాళీ అయింది. దాన్ని ఆన్‌లైన్ రమ్మీ, గుట్కా, క్రికెట్ బెట్టింగ్ ఆక్రమిస్తాయి. కష్టమనిపించినా చేతులతో చేసే పనేదైనా నేర్చుకోండి.

మూడోది, బాగుపడ్డామని సాయం ఆపేయడం. మందులు డాక్టర్ చెప్పకుండా ఆపకండి, మీటింగ్‌లు తగ్గించాలనుకుంటే ఒక్కసారిగా కాకుండా నెలకొకటి చొప్పున తగ్గించండి. మొదట రాసుకున్న గామా జీటీ అంకె గుర్తుందా? మళ్లీ పరీక్ష చేయించి పక్కన రాయండి. మానేసినవాళ్లలో ఇది వారాల్లోనే దిగుతుంది. ఆ కాగితం ఫ్రిజ్ మీద అంటించినవాళ్లను నేను చూశాను.

## 10. ప్రతి ఆదివారం ఉదయం, పది నిమిషాలు

- ఈ వారం మీటింగో కౌన్సెలింగో తప్పిపోయిందా?
- నా మనిషికి ఎన్ని రోజులు ఫోన్ చేయలేదు?
- ఇంట్లో ఏదైనా చిన్న అబద్ధం చెప్పానా? డబ్బు లెక్క, ఎక్కడున్నానో, ఎవరితో ఉన్నానో?
- పాత నంబర్‌కు "ఊరికే" మెసేజ్ పెట్టానా?
- ఎన్ని రాత్రులు ఐదు గంటల కంటే తక్కువ పడుకున్నాను?
- ఎవరి మీదైనా కోపం వారం దాటి మోస్తున్నానా?
- నా పాత మాట, ఆ ఒక్క మాట, ఈ వారం ఎన్నిసార్లు తలలో వినిపించింది?

మూడింటికి జవాబు బాగోకపోతే ఆ సోమవారమే కౌన్సెలర్‌కు ఫోన్ చేయండి, తాగాలని అనిపించకపోయినా సరే. తర్వాత క్యాలెండర్ తీసి వచ్చే ఏడు రోజులు చూడండి. పెళ్లి, కర్మ, జీతం రోజు ఏవైనా ఉంటే ఆ తేదీ పక్కన మూడు ముక్కలు రాయండి: ఏ బండి మీద వెళ్తాను, పక్కన ఎవరుంటారు, ఎన్నింటికి లేచి వచ్చేస్తాను.